తొంభై తూటాలు, ఒక ఎడమచెయ్యి

జనవరి 9, మంగళవారం

ఇవాళ ఎడమచెయ్యి నాలుగుసార్లు ఎత్తాను. ముప్ఫై తూటాలకి నాలుగు. తరగతిలో అయితే "ముప్ఫై చాలా చిన్న నమూనా, తొందరపడి ఏమీ తేల్చకండి" అని పిల్లలకి చెప్పేదాన్ని. తుపాకీ క్లబ్బులో తొమ్మిదిమంది చూస్తుండగా చెయ్యెత్తుకుని నిలబడితే ముప్ఫై చిన్నదిగా అనిపించదు.

ప్రతిసారీ అదే వరస. తూటా పేలుతుంది. పిస్టల్ మీద జారే పైభాగం, స్లైడు, సగందాకా వెనక్కి వెళ్ళి, మనసు మార్చుకున్నట్టు ముందుకొచ్చేస్తుంది. ఖాళీ ఇత్తడి తొడుగు ఎగిరి బయటపడకుండా పైన ఇరుక్కుని నిటారుగా నిలబడుతుంది, ఇంటికప్పు మీద పొగగొట్టంలా. క్లబ్బులో దాని పేరే పొగగొట్టం. అది వచ్చినప్పుడు దేన్నీ ముట్టుకోకూడదు. పిస్టల్ గురివైపే ఉంచి ఎడమచెయ్యి ఎత్తాలి. కాల్పులు పర్యవేక్షించే రైనో హార్యు వచ్చి చూసి, తప్పు తుపాకీదో తూటాదోనని ఒప్పుకుంటే ఆ అయిదు తూటాలూ మళ్ళీ కాల్చుకోవచ్చు. అసలు పోటీలో ఆ దయ ఒక్కసారే. మంగళవారాల్లో రైనో లెక్కపెట్టడు, వెక్కిరిస్తాడంతే.

"ఏం ప్రొఫెసరమ్మా, నీ క్లాసులో పిల్లలు కూడా ఇన్నిసార్లు చెయ్యెత్తరనుకుంటా."

"తూటాల్లో ఏదో తేడా ఉంది రైనో. సరిచేస్తాను."

"ఎవరు నింపారు?"

"నేనే."

"ఆహా" అని కాఫీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళు రోడ్లమీద మంచు తోసే లారీ నడిపిన మనిషి. డెబ్బై ఒక్కేళ్ళు. ఒక్క "ఆహా"లో ఎంత కూరగలడో!

బెవ్ లాహ్టీ వెళ్ళేటప్పుడు యాలకుల రొట్టె ముక్క చేతిలో పెట్టి, జట్టు నాయకురాలి గొంతు తెచ్చుకుంది.

"చూడవే మార్లిస్. ఏప్రిల్ ఆరున ఎస్కనాబాలో పోటీ. మార్చి ఇరవయ్యారుకి నలుగురి పేర్లు పంపాలి. నీ పిస్టల్ తొంభై తూటాలు ఆగకుండా కాలిస్తే నాలుగో పేరు నీది. లేకపోతే మా ఆడపడుచు మొగుడిది. రానూ పోనూ ఎనిమిది గంటలు ఆయన కబుర్లు వినలేనే తల్లీ, దాన్ని బాగుచెయ్యి."

చేస్తానన్నాను. నవంబరులో క్లబ్బు విందులో అందరి ముందూ అన్నమాట ఇంకొకటుంది: "ఇకమీదట నా తూటాలు నేనే నింపుకుంటాను." ఎవరూ అడగలేదు. మా ఆయన వెండెల్ విడిపోయి వెళ్ళి అప్పటికి మూడు వారాలు. బంగాళాదుంపల గిన్నె పట్టుకుని నిలబడి ప్రకటించాను.

జనవరి 11

ఇల్లు పంచుకోవడం ఎంతో మర్యాదగా జరిగింది. పడవ అతనికి, ఆవిరిగది నాకు. పెళ్ళిరోజుకి అతను కొనిచ్చిన ఈ పిస్టల్ నాకు. 1951లో తయారైంది, "నాకన్నా రెండేళ్ళు పెద్ద" అంటాడు రైనో. తూటాలు నింపే ప్రెస్సు కూడా నాకే వదిలాడు. నోటుపుస్తకం మాత్రం తనతో ఐరన్ మౌంటెన్ ఊరికి తీసుకెళ్ళాడు. తుపాకీమందు ఎంత, గుండు ఎంత లోతు, అన్నీ అందులోనే ఉన్నాయి. పదకొండేళ్ళు నా తూటాలు అతనే నింపాడు. అడిగితే చెప్తాడు.

అందుకే అడగను.

పద్ధతిగా చేద్దాం. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. మందు కాదు. తూటాలు నింపడం గురించి కొన్న పుస్తకం కనిష్ఠంతో మొదలుపెట్టమంది, అలాగే పెట్టాను. చేతికి తగిలే తన్ను అచ్చం వెండెల్ తూటాలదే. స్లైడుని ముందుకు తోసే స్ప్రింగు కాదు. నవంబరులో పిస్టల్ అంతా విప్పి శుభ్రం చేసినప్పుడు పాతది పారేసి కొత్తది వేశాను, పుస్తకంలో ఈ పిస్టల్‌కి ఏది రాశారో సరిగ్గా అదే. ఇక మిగిలినవి గుండు లోతు, తొడుగు మూతి బిగింపు, తూటాలు పెట్టే మ్యాగజైన్.

జనవరి 19

పొద్దున్నుంచి నేలమాళిగలో. బయట మోకాలిదాకా మంచు, కాలేజీకి సెలవిచ్చారు.

పిస్టల్ గొట్టం విడిగా తీసి, నింపిన తూటా ఒక్కొక్కటీ అందులో వదిలి చూశాను. టప్పుమని దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి. ఇరవైకి ఇరవై దిగాయి, తిరిగాయి. టప్. టప్. ఈ మధ్యకాలంలో నాతో ఎవరూ ఇంత స్పష్టంగా అవునని చెప్పలేదు.

లోతు కాస్త తగ్గించాను. బిగింపు కాస్త పెంచాను. ఒక్కటే మార్చాలన్నది నిజమే. రెండూ కలిపి ఒకటనుకుందాం.

జనవరి 23, మంగళవారం

అయిదు.

జనవరి 30, మంగళవారం

మ్యాగజైన్ మార్చాను. మూడు! తగ్గుతోంది. అయిదునుంచి మూడు, నలభై శాతం మెరుగుదల. దీన్నే నా విద్యార్థి ఎవరైనా రాసి ఉంటే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని.

స్ప్రింగు కొత్తదే కదా.

ఫిబ్రవరి 6

ఆరు.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఇవాళ రెండో వరసలోనే ఆగింది. ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడ్డాను. రైనో వచ్చి, ఇరుక్కున్న తొడుగు తీసి, పిస్టల్ ఖాళీ చేసి, నాకివ్వకుండా తన చేతిలోనే ఉంచుకున్నాడు. బొటనవేలితో స్లైడు వెనక్కి లాగాడు. వదిలాడు. మళ్ళీ లాగాడు.

"ఇది నీ పిస్టల్ కాదు."

"నాదే. నంబరు చూసుకోండి."

"నంబరు నీదే. నీ పిస్టల్ వెన్నలా జారేది. పదేళ్ళు నేనే తనిఖీ చేశా, నాకు తెలీదా? ఇది చూడు, కొత్త అల్లుడిలా బిగుసుక్కూచుంది. వెండెల్ వేసిన స్ప్రింగు ఏదీ?"

"ఏ స్ప్రింగు?"

రైనో బెవ్ వంక చూశాడు. బెవ్ నేల వంక చూసింది.

అప్పుడు చెప్పారు, ఒకరి మాట ఒకరు అందుకుంటూ. నాకు పిస్టల్ ఇవ్వకముందే వెండెల్ అందులో ఉన్న గట్టి స్ప్రింగు తీసి మెత్తటిది వేశాడట. దానికి తగ్గట్టు మందు తగ్గించి మెత్తటి తూటాలు నింపేవాడట. మెత్తటి తూటా మెత్తటి స్ప్రింగునే తోయగలదు. నేను పాతది పారేసి పుస్తకంలోని గట్టిది పెట్టి, తూటాలు మాత్రం చేతికి అలవాటైనంత మెత్తగా నింపుకున్నాను. తోయలేక సగంలో ఆగిపోతోంది. అంతే సంగతి.

అంటే, అనుమానించక్కర్లేదని పక్కనపెట్టింది ఆ స్ప్రింగునే. నేను మార్చింది గనక.

"మీ అందరికీ తెలుసా?"

"తెలియకపోవడమేంటే? నీ పక్క బల్ల నాది. నీ పిస్టల్ పిల్లి తుమ్మినట్టు తుమ్మేది" అంది బెవ్. నా మొహం చూసి కంగారుపడింది. "ఒసే, నేనూ మెత్తవే వాడతా. రైనోవి నాకన్నా మెత్తన. ఇక్కడ సగంమంది అంతే. గురిపందెంలో తన్నెందుకు, దండగ! నువ్వొక్కదానివే తెలియకుండా వాడావు. అంతే తేడా."

అంతే తేడా. కారులో వస్తూ ఆ మాటే తిప్పి తిప్పి చూశాను. గోడమీద నాలుగు పతకాలున్నాయి. అవి నావే. ఎవరు కాదన్నారు?

ఫిబ్రవరి 14

వెండెల్‌కి ఫోను చేశాను.

"మార్లిస్! ఇవాళ నువ్వు చేస్తావని అస్సలు అనుకోలేదు." గొంతు మెత్తబడింది. ఇవాళ ప్రేమికుల రోజన్న సంగతి అప్పుడు వెలిగింది.

"స్ప్రింగు గురించి" అన్నాను.

"ఏ స్ప్రింగు?"

"ఏదో నీకు తెలుసు."

వెనక ఎక్కడో కెటిల్ మరుగుతోంది.

"తెలిసిపోయిందా" అన్నాడు.

"పదకొండేళ్ళు వెండెల్!"

"మొదటిరోజు గుర్తుందా నీకు? క్లబ్బు తుపాకీతో ఒక్కటి కాల్చి బల్లమీద పెట్టేసి, బాగుంది అన్నావు. నువ్వు అలా బాగుంది అనేది బాగోనప్పుడే. మళ్ళీ రావేమోనని భయమేసింది."

"అందుకని చెప్పకుండా మార్చేస్తావా?"

"మార్చాక వచ్చావుగా. వచ్చావు కదా, ఇంక చెబుదాం అనుకున్నా. ఈలోపు బాగా కాల్చడం మొదలెట్టావు. బాగా కాలుస్తున్న మనిషికి ఏం చెప్పమంటావు?"

"ఉన్నది."

"నువ్వు దానిమీద వారం రోజులు ఆలోచించేదానివి."

నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది.

"నోటుపుస్తకం పంపిస్తాలే. అందులో అన్నీ ఉన్నాయి."

"నాకక్కర్లేదు."

"పంపిస్తా. విప్పడం, మానడం నీ ఇష్టం."

ఎంత బాగా మాట్లాడుకున్నామో! కలిసున్నప్పుడు ఇలా ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే అనుకోబోయి, ఆవిరిగది వేడిచేయడానికి లేచాను.

ఫిబ్రవరి 20

నిర్ణయం: స్ప్రింగు గట్టిదే ఉంటుంది. తూటాలే దాని స్థాయికి ఎదుగుతాయి. పుస్తకంలోని హద్దు దాటకుండా కొంచెం కొంచెంగా మందు పెంచుకుంటూ పోతాను. ఈ పిస్టల్ ఎలా కాలాలని 1951లో అనుకున్నారో అలాగే కాలుస్తాను. నన్నెవరూ బుజ్జగించక్కర్లేదు.

నోటుపుస్తకం పొట్లం వచ్చింది. విప్పలేదు. మంచుబూట్ల పక్కన పెట్టాను.

మార్చి 5, మంగళవారం

అరవైకి అరవై! ఒక్క పొగగొట్టం లేదు. తొడుగులు అన్నీ ఒకేచోట, కుడిపక్క, చేటలో పోసినట్టు పడ్డాయి. ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

గురి కాస్త అటూ ఇటూ అయింది. కాఫీ ఎక్కువ తాగాను.

మార్చి 8

మోచెయ్యి నొప్పి. నిన్న వాకిట్లో మంచు తియ్యడంవల్ల.

మార్చి 12, మంగళవారం

మళ్ళీ అరవైకి అరవై. ఎప్పుడూ వచ్చేదానికన్నా నలభై పాయింట్లు తక్కువ. కొత్త కళ్ళజోడు.

మోచెయ్యి ఇంకా నొప్పే. ఈ వారం మంచు పడలేదు.

బెవ్ నా గురికాగితం తీసి దీపానికి అడ్డంగా పట్టుకుంది. చిల్లులు కాగితమంతా చెదిరి ఉన్నాయి, కోళ్ళకి జల్లిన బియ్యంలా.

"పిస్టల్ బాగుపడింది. నువ్వు పాడయ్యావు" అంది.

"కళ్ళజోడు..."

"కళ్ళజోడు సంగతి నాకు తెలీదు. పేలేముందు కళ్ళు మూసుకుంటున్నావు. మూసుకున్న కళ్ళకి ఏ జోడైతే ఏంటి?"

"మూసుకోవట్లేదు."

"సరే."

"నిజంగా మూసుకుంటున్నానా?"

"మార్లిస్, నేను బడిలో మూడొందలమంది పిల్లలకి వండిపెడతా. ఉప్పెక్కువైతే ఇంకో మూడు బస్తాల పిండి కలిపి గెలిచాననుకోను, ఆ పూట ఉప్పు తగ్గిస్తా. ఎవరిమీద గెలుద్దామని ఇదంతా?"

గురికాగితం లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాను. జవాబు ఇక్కడ కూడా రాయడం లేదు.

మార్చి 16, శనివారం

రెండురోజులు ఆలోచించి (వెండెల్ లెక్కకన్నా అయిదు తక్కువ) నాకు వచ్చిన పని చేశాను. ప్రయోగం. నాలుగు స్ప్రింగులు తెప్పించాను, పదహారు పౌన్ల గట్టిదానినుంచి పదిదాకా. మొదట నింపినలాంటి మెత్తటి తూటాలు ఎనభై నింపాను. ఏ స్ప్రింగో నాకు తెలిస్తే నా చెయ్యి అబద్ధమాడుతుంది. కాబట్టి బెవ్ వెనకగదిలో తనకి నచ్చిన వరసలో ఒక్కొక్కటీ వేసి, పిస్టల్ తెచ్చి నాకివ్వాలి. ఏది వేసిందో కాగితం రుమాలు మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి. మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు.

"మొహం సంగతి నా చేతిలో లేదు, అది మా అమ్మ పోలిక" అంది. ఊలుటోపీ ముక్కుదాకా లాక్కుంది.

మొదటిది. ఇరవైకి ఒక పొగగొట్టం. రెండోది ఆగలేదు గాని స్లైడు వెనక్కి వెళ్ళి దడేలున కొట్టుకుంటోంది, తొడుగులు రైనో కాఫీ కప్పుదాకా ఎగిరాయి. "నన్ను చంపడానికి గొట్టంలోంచే రానక్కర్లేదన్నమాట" అన్నాడు. నాలుగోది మూడుసార్లు ఆగింది. పాత శత్రువు, కళ్ళకి గంతలు కట్టినా గుర్తుపడతాను.

మూడోది గురించి ఏం రాయను? పేలింది, వచ్చింది, మళ్ళీ సిద్ధంగా ఉంది. పిస్టల్ తన పని తను చేసుకుపోతుంటే నేను నల్లచుక్కని చూస్తూ ఉన్నాను. ఇరవైలో పద్నాలుగు నలుపులో. కళ్ళు తెరిచే ఉన్నాయి, నాకు తెలుస్తోంది.

"మూడోది" అన్నాను.

బెవ్ టోపీ పైకి లాగి రుమాలు తీసింది. "పన్నెండు పౌన్లు."

ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, పక్కనున్న పొట్లం కూడా విప్పాను. మొదటి పేజీలోనే ఉంది. వెండెల్ గుండ్రటి చేతిరాత. నా పేరు, కింద పిస్టల్ నంబరు, కింద: స్ప్రింగు 12.

మందు కొలత కూడా ఇంచుమించు నాదే.

అంటే పదకొండేళ్ళ కిందట అతను నన్నడక్కుండా ఎంచినదాన్నే, ఇవాళ నేను నన్నడిగి ఎంచుకున్నాను. రెండూ ఒకటేనా? అంకె ఒకటే. సాయంత్రమంతా ఈ ప్రశ్నతోనే గడిచింది. ఒకటి కావని నిరూపించలేను. అయినా కావు.

ఇంకో సంగతి. నాలుగో ఏటి పేజీ అంచున పెన్సిలుతో "చెప్పాలి" అని ఉంది. ఏడో ఏట మళ్ళీ "చెప్పాలి". ఆ తరవాత లేదు.

"నీ అంకె సరైనదే" అని అతనికి సందేశం పెట్టాను. అది పెట్టడానికి నాకెంత కష్టమైందో దేవుడికి తెలుసు.

"తెలుసు" అని జవాబు.

వీడితో పదిహేనేళ్ళు కాపురం చేశాను.

మార్చి 26, మంగళవారం

తొంభైకి తొంభై. బెవ్ నా ఎదురుగానే కాగితంమీద నాలుగో పేరు రాసింది. స్పెల్లింగు తప్పు. దిద్దలేదు.

ఏప్రిల్ 6, శనివారం

ఎస్కనాబానుంచి తిరిగొస్తూ బెవ్ వ్యాను వెనకసీట్లో రాస్తున్నాను, అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉంటే రోడ్డు తప్పు. మా జట్టులో మిగిలిన మనిషి, రైనో తమ్ముడు, ముందుసీట్లో గుర్రుపెడుతున్నాడు. తొమ్మిది జట్లలో అయిదో స్థానం. నిరుడు ఏడు.

ఎనభై ఏడు తూటాలు గడియారంలా నడిచాయి. చివరి వరస, పదిసెకన్లలో అయిదు. ఒకటి. రెండు. మూడోదానికి టక్కుమంది. అంతే, పేలలేదు. పొగగొట్టం లేదు, స్లైడు మూసే ఉంది. ఎడమచెయ్యి దానంతటదే లేచింది.

ఎస్కనాబా వాళ్ళ అధికారి వచ్చాడు, పొడుగాటి మనిషి, ఎవరో కొత్త. ఆలస్యంగా పేలుతుందేమోనని నిలబెట్టే ఉంచాడు. అరనిమిషం. ఆ అరనిమిషంలో నేను చేసిన ఆలోచనలు ఇక్కడ పట్టవు: స్ప్రింగు, మందు, వెండెల్, నా అహంకారం, మళ్ళీ స్ప్రింగు. తరవాత అతను తూటా బయటికి తీసి, అడుగు తిప్పి చూశాడు. ఇంకోసారి చూశాడు. పెదవులు బిగబట్టాడు.

"ఇవి మీరే నింపుతారా అమ్మా?"

"నేనే."

"మొత్తం మీరే? ఎవరి సాయమూ లేకుండా?"

"ఒక్కదాన్నే."

"ప్రైమర్ తలకిందులుగా పెట్టారు."

నా వెనక నవ్వు. బెవ్‌ది ముందు, తరవాత ఆ పక్క వరసంతా. తూటా అడుగున ఉండి మందుని అంటించే ఆ చిన్న ఇత్తడి టోపీ, దాని మొహం లోపలికి పెట్టి, వీపు ప్రపంచానికి చూపిస్తూ కూర్చోబెట్టాను. ఏ పిస్టలయినా ఏం చేస్తుంది పాపం! స్ప్రింగు సరిగ్గానే ఉంది. మందు సరిగ్గానే ఉంది. తప్పు పూర్తిగా, అచ్చంగా నాది, అందులో ఇంకెవరికీ వాటా లేదు. నేనూ నవ్వాను. కాల్పుల వరసలో నిలబడి, చెయ్యి ఇంకా పైనే పెట్టుకుని.

మళ్ళీ అయిదు కాల్చుకోనిచ్చారు. నియమం ప్రకారం రెండుసార్లూ పేలిన ఏడింటిలో తక్కువొచ్చిన అయిదే లెక్కకొస్తాయి, కాబట్టి ఆ నవ్వు ఖరీదు ఏడు పాయింట్లు. అయిదూ ఆగకుండా పేలాయి.

వ్యాను ఎక్కగానే రైనో చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ తూటా ఇలా తే."

"ఎందుకు?"

"క్లబ్బులో నా బీరువాలో డబ్బా ఒకటుంది. తలకిందులు పెట్టినవాళ్ళందరివీ అందులో వేస్తా, పేరు రాసి. నావి మూడు. బెవ్‌వి రెండు."

"ఒకటే! రెండోది మా నాన్నది" అని స్టీరింగు దగ్గర్నుంచి అరిచింది బెవ్.

నేను తూటా ఇవ్వకుండా పిడికిట్లో పట్టుకునే అడిగాను. "వెండెల్‌ది ఉందా?"

రైనో కిటికీలోంచి బయటికి చూశాడు. సరస్సుమీద మంచు కరుగుతోంది, అంచుల్లో నీళ్ళు.

"నాలుగు" అన్నాడు. "నీకు చెప్పొద్దన్నాడు."

తూటా అతని చేతిలో పెట్టాను. "మరి నాది ఒక్కటేగా."

"తూటాలు నింపడం నీకిది మొదటి ఏడాదేగా ప్రొఫెసరమ్మా" అన్నాడు రైనో. "తొందరేముంది?"